కనుమకు కొలత ఎత్తా, వాలా?

కనుమ నాడు కాకి కూడా కదలదని మన సామెత. సంక్రాంతి మర్నాడు ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి, ప్రయాణం పెట్టుకోకూడదు. తమాషా ఏమిటంటే, కొండకు ఇవతలి నుంచి అవతలికి దాటించే దారిని కూడా తెలుగులో కనుమ అనే పిలుస్తాం. ఒక కనుమ కదలొద్దంటుంది, ఇంకొకటి కదలడానికే ఉంది. ఇవాళ్టి మాట ఈ రెండో కనుమ గురించి. దాన్ని కాలినడకన, సైకిలు మీద, కారులో దాటడం గురించి. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని అందరం వల్లె వేసినవాళ్లమే. ఆ పేరు దగ్గర కాస్త ఆగి చూడండి. కనుమ అంటే కొండ కాదు, కొండల వరసలో దారికి చోటిచ్చిన సందు. ఇంగ్లీషువాళ్లు వాడుకున్న ఘాట్ అన్న మాటకు కూడా ఎక్కి దిగే చోటు అనే అర్థం. వందల మైళ్ల పర్వతశ్రేణికి శిఖరాల పేరు కాకుండా దారుల పేరు స్థిరపడింది. ప్రహరీ గోడ మొత్తాన్ని దాని తలుపు పేరుతో పిలిచినట్టన్నమాట. కొండను దూరం నుంచి చూసి దండం పెట్టినవాళ్లు పెట్టిన పేరు కాదది. మూట నెత్తిన పెట్టుకుని దాటినవాళ్ల అవసరం లోంచి పుట్టిన పేరు.

నల్లమల సంగతే తీసుకోండి. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు దాటడానికి నంది కనుమ, ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు దాటడానికి మంత్రాల కనుమ పాతకాలం నుంచీ ఉన్న దారులు. కోస్తా ఉప్పు దక్కనుకు ఎక్కిందన్నా, దక్కను ధాన్యం కిందికి దిగిందన్నా ఇలాంటి కనుమల్లోనే. లంబాడీల ఎద్దుల బిడారాలు, వీపుకు అటొక సంచి ఇటొక సంచి వేసుకున్న పెరికెద్దులు, ఈ దారుల్నే అరగదీశాయి. తర్వాత రైలు వేసినవాళ్లు కూడా నంద్యాల, గిద్దలూరు మధ్య ఆ కనుమ చుట్టుపక్కలనే నమ్ముకున్నారు. ఎందుకని? కొండ వెన్ను పొడవునా నడుస్తూ పోతే, ఆ వెన్ను కిందికి వంగిన చోటు కనుమ. గుర్రపు జీను ఊహించుకోండి. ముందూ వెనకా లేచి ఉంటుంది, మధ్యలో పల్లం. గుర్రం తల నుంచి తోక దాకా చూస్తే రౌతు కూర్చునేది అన్నిటికన్నా కింది చోటు. అదే ఈ పక్క రికాబు నుంచి ఆ పక్క రికాబుకు కాలు దాటించేవాడికి అన్నిటికన్నా పై చోటు. కనుమ కూడా అంతే. దారి వైపు నుంచి చూస్తే శిఖరం, కొండ వైపు నుంచి చూస్తే పల్లం. మన పూర్వులు దాన్ని ఎంచుకున్నది పల్లమని. ఇవాళ మనం దాన్ని వెతుక్కుంటూ పోతున్నది ఎత్తని. నా వాదనంతా ఈ తిరకాసు మీదే. కనుమను ఎత్తుతో కొలిచినంత కాలం మనకు కనుమ అర్థం కాదు. దాని అసలు కొలత వాలు. వాలును చదవడంలో కాలు, సైకిలు, కారు ఒకదానికొకటి సాటి రావు.

ఎత్తు మోజు ఎంత దూరం పోయిందో లడఖ్‌లో చూడొచ్చు. అక్కడి భాషలో లా అంటేనే కనుమ. లేహ్ ఊరికి ఉత్తరాన ఖర్దుంగ్ లా మీద 18,380 అడుగులని రాసిన పసుపు బోర్డు ఎన్నో ఏళ్లు నిలబడింది. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన మోటారు రోడ్డు అని దాని కింద ఫొటో దిగనివాళ్లు తక్కువ. ఉపగ్రహ పరికరాలతో సరిగ్గా కొలిస్తే ఆ చోటు 5,359 మీటర్లే తేలింది. అంటే బోర్డు కన్నా దాదాపు 800 అడుగులు తక్కువ. ఆ తర్వాత సరిహద్దు రహదారుల సంస్థ ఉమ్లింగ్ లా మీదుగా వేసిన రోడ్డు 19,024 అడుగులతో 2021లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. సైనిక అవసరం కోసం అంత పైన రోడ్డు వేయడం ఇంజినీర్ల ఘనతే, సందేహం లేదు. అయితే అక్కడికి పోయే యాత్రికుడు ఆ రోడ్డు దేన్ని దేనితో కలుపుతోందని అడగడం లేదు, బోర్డు మీద ఎంతుందని అడుగుతున్నాడు. తలుపు దగ్గరికి వెళ్లి గడప ఎత్తు కొలుచుకుని వెనక్కి తిరిగి వస్తే ఆ ఇల్లు చూసినట్టా?

ఎత్తుకూ కష్టానికీ లంకె లేదనడానికి జోజి లా కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలో ఉన్న ఈ కనుమ ఎత్తు 3,528 మీటర్లు. ఖర్దుంగ్ లా కన్నా 1,800 మీటర్లు కింద. లెక్క ప్రకారం ఇదే సులువు కావాలి. కానీ ఖర్దుంగ్ లా చలికాలంలో కూడా చాలావరకు తెరిచే ఉంటే, జోజి లా మొన్నమొన్నటి దాకా నెలల తరబడి మూతపడేది. కారణం ఎత్తు కాదు, మబ్బు. పడమటి నుంచి వచ్చే తేమగాలి కాశ్మీరు లోయ దాటి, హిమాలయ గోడలో ఈ పల్లం దగ్గరే తోసుకుని వెళ్తుంది. దారి మనిషికి అనువైనట్టే మబ్బుకూ అనువే. అందుకే అక్కడ మంచు అడుగుల లెక్కన కురుస్తుంది, కొండ చరియల మీది నుంచి విరిగి రోడ్డు మీద పడుతుంది. ఖర్దుంగ్ లా ఆ గోడకు అవతల వాననీడలో ఉంది. ఎత్తు ఎక్కువ, మంచు తక్కువ. యుద్ధానికి వచ్చినా ఎత్తు కన్నా దారిదే పైచేయి. 1948 నవంబరులో, కాశ్మీరు యుద్ధంలో, జనరల్ తిమ్మయ్య సేనలు జోజి లా మీదికి స్టూవర్ట్ ట్యాంకులు ఎక్కించి దారి విడిపించాయి. అంత ఎత్తుకు ట్యాంకులు వస్తాయని ఎదుటిపక్షం ఊహించలేదు. దాని కోసం ముందు కంచరగాడిదల బాటను ట్యాంకు పట్టేలా వెడల్పు చేశారు. యుద్ధం గెలిచింది ఎంత ధైర్యంతోనో, దారి వెడల్పునూ వాలునూ సరిచేసిన ఇంజినీరింగ్ దళం పారల పనితో కూడా అంతే.

ఇక వాలు లెక్కలోకి వద్దాం. ముందు కాలు. స్కాట్లండ్ కొండల్లో తిరిగిన విలియం నైస్మిత్ అనే ఆయన 1892లో నడకకు ఒక లెక్క చెప్పాడు. చదును మీద మూడు మైళ్లకు గంట వేసుకో, దానికి తోడు ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకూ ఇంకో గంట కలుపు అని. ఈ లెక్కలో దూరం కన్నా ఎక్కుడే బరువు. నడిచేవాడి కాలికి ఇంకో గుణం ఉంది. అది నిటారుకు జంకదు. ఒక మీటరు ఎత్తు సంపాదించడానికి ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి అన్నిటికన్నా తక్కువయ్యేది, నూరు అడుగుల దూరానికి పాతిక అడుగులు లేచే వాలు దగ్గర అని శరీరధర్మ శాస్త్రం చెబుతోంది. పరికరాలు లేని రోజుల్లోనే కాలిబాటలు ఈ సంగతి పట్టేశాయి. అందుకే పాత కాలిబాట కొండను సూటిగా పట్టుకుని పైకి పోతుంది. తిరుమలలో అలిపిరి మెట్ల దారి దాదాపు 9 కిలోమీటర్లు; బళ్లు నడిచే ఘాట్ రోడ్డు దానికి ఇంచుమించు రెట్టింపు. ఎక్కే కొండ అదే, చేరే చోటూ అదే. ఆ మెట్ల దారిలో బాగా నిటారుగా ఉన్న చోటుకు మోకాళ్ల మెట్టు అని పేరు. పేరు చెవిన పడగానే అక్కడ ఏం జరుగుతుందో ఒంటికి తెలిసిపోతుంది. ఘాట్ రోడ్డు మీద మలుపులకు ఉన్నవి నంబర్లు. నడిచినవాడు వాలుకు పేరు పెడతాడు, బండి నడిపేవాడు మలుపు లెక్కపెడతాడు. తిరుమల కొండే గానీ కనుమ కాదనొచ్చు, నిజమే. వాలు న్యాయం మాత్రం రెండు చోట్లా ఒకటే.

సైకిలుది మధ్యస్థంగా నడిచే సంసారం. మనిషి, సైకిలు, సామాను అన్నీ కలిపి 90 కిలోలనుకోండి. ఆ బరువును ఒక్క మీటరు పైకి లేపడానికి, నిలకడగా వంద వాట్ల సత్తువతో తొక్కే మనిషికి తొమ్మిది సెకన్లు పడుతుంది. అంటే గంటకు 400 మీటర్ల ఎత్తు. వాలు నూటికి నాలుగైతే గంటకు తొమ్మిది కిలోమీటర్లు పోతాడు, నూటికి ఎనిమిదైతే అయిదు కిలోమీటర్ల లోపే పోతాడు. గంటలో గెలిచే ఎత్తు మాత్రం రెండు చోట్లా దాదాపు అంతే. ఇప్పుడు నైస్మిత్ లెక్కతో నూటికి పాతిక వాలున్న కాలిబాట మీద నడిచేవాణ్ణి చూడండి. అతను కూడా గంటకు 400 మీటర్లే ఎక్కుతాడు. చక్రం వచ్చినా, పళ్ల చక్రాలు ఎన్ని పెట్టినా, కండరం ఎత్తును కొనే ధర మారలేదు. నిటారు ఎక్కుడు మీద సైకిలును దగ్గరగా చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ముందు 22 పళ్ల చక్రం, వెనక 34 పళ్ల చక్రం మీద గొలుసు పడిందంటే, తొక్కుడు ఒక చుట్టు పూర్తయ్యేసరికి వెనక చక్రం మూడింట రెండు వంతులు కూడా తిరగదు. బండి నాలుగున్నర అడుగులు జరుగుతుంది. సెకనుకొక చుట్టు తొక్కినా అది మనిషి నడక వేగమే. ముందు చక్రం అటూ ఇటూ తూలుతుంది, గొలుసు కిర్రుమంటుంది, రోడ్డు అంచున గులకరాళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. కనుమ నెత్తికెక్కి దిగడం మొదలుపెట్టాడో, ఇదే మనిషి గంటకు నలభై యాభై కిలోమీటర్లతో జారిపోతాడు, బ్రేకుల మీంచి వేళ్లు తీయలేడు. ఎక్కేటప్పుడు పాదచారి, దిగేటప్పుడు మోటారుబండి. ఒకే పూటలో వాలుకున్న రెండు ముఖాలనూ ఒంటితో తెలుసుకునే సాధనం ఇంకొకటి లేదు. మూడింటిలో సైకిలుకు పెద్దపీట వేస్తున్నది అందుకే.

మరి కారు? కారు వాలును మాయం చేస్తుంది. మనాలీ దాదాపు 2,050 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడికి 51 కిలోమీటర్ల దూరంలో రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. సగటున నూటికి నాలుగు లోపు వాలు. గేరు మార్చే చేతికి తప్ప కూర్చున్న ఒంటికి ఆ సంగతి తెలియదు. కానీ దాచిన లెక్కను కొండ మరోచోట వసూలు చేస్తుంది. ఒకటి ఇంజను. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకూ పదో వంతు చొప్పున సత్తువ పోగొట్టుకుంటుంది. రెండోది బ్రేకు. దిగేటప్పుడు ఎడతెరిపి లేకుండా తొక్కితే బ్రేకు వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని ఘాట్ డ్రైవర్లు చెప్పే మాట ఊరికే పుట్టలేదు. తిరుమలలో వాహనాలు కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం చాలాకాలంగా ఉంది. ఎక్కడం కన్నా దిగడానికి ఎక్కువ సమయమట! ఇంట్లో కూర్చుని వింటే తలకిందులుగా తోస్తుంది గానీ, వాలు తెలిసినవాడికి అందులో వింతేమీ లేదు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నెత్తురు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. ఊపిరి వేగం సర్దుకోవడానికి గంటలు, మూత్రపిండాలు నెత్తుటి రసాయనాన్ని దిద్దుకోవడానికి రోజులు, ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడతాయి. పొద్దున్నే మనాలీలో బయలుదేరిన కారు చీకటి పడేసరికి లేహ్ దారిలో 4,290 మీటర్ల ఎత్తున ఉన్న సర్చూ చేరుతుంది. ఒక్క పగట్లో 2,200 మీటర్ల పైచిలుకు. అర్ధరాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే తప్పు ఎవరిది? కారు వేగం రోడ్డుకు సరిపోయింది, నెత్తురుకు సరిపోలేదు. లేహ్ దాకా కారుకు రెండు రోజుల పని, సైకిలుకు వారం పది రోజుల పని. సైకిలువాడికీ కొండజబ్బు రాదని కాదు. తొందరపడితే అతనికీ వస్తుంది. కాకపోతే తొందరపడే దారి అతనికి తక్కువ.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. నడకా సైకిలూ అని ముచ్చట్లు చెబుతున్నారు, కొండకు అవతల బతికేవాళ్ల సంగతేమిటి అని. న్యాయమైన ప్రశ్న. రోహ్‌తాంగ్‌కు ఉత్తరాన ఉన్న లాహౌల్ లోయ మంచు కురిసిందంటే ఆరు నెలలు ప్రపంచానికి దూరమయ్యేది. కాన్పు కష్టమైనా, గుండె నొప్పి వచ్చినా హెలికాప్టర్ దొరికితే బతుకు, లేకపోతే లేదు. తప్పక కాలినడకన కనుమ దాటబోయి మంచుతుపానులో చిక్కి చనిపోయినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. అలాంటి చోట నడక గొప్పదని ఉపన్యసించడం కడుపు నిండినవాడు ఉపవాసం గొప్పతనం చెప్పినట్టుంటుంది. రోహ్‌తాంగ్ కొండల కింద 2020 అక్టోబరు 3న తెరిచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఆ లోయవాసులకు రోడ్డు కన్నా ఎక్కువ, ఆస్పత్రికి తలుపు. 2010లో పని మొదలైతే, సేరీ నాలా కింద పగిలిన రాతిలోంచి ఉబికిన నీరు ఇంజినీర్లను ఏళ్ల తరబడి నిలబెట్టేసింది. ఇప్పుడు జోజి లా కింద కూడా సొరంగం తవ్వుతున్నారు. ఆ పని చేపట్టింది మన హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్. ఈ సొరంగాలను నేను కాదనడం లేదు. పైపెచ్చు, నా వాదనకు అవే బలం. అవసరం ఉన్నవాడు కొండ కింద నుంచి పోతే, కనుమను తెలుసుకోవాలన్నవాడికి కొండ మీద చోటు మిగులుతుంది. స్విట్జర్లాండ్ గొట్హార్డ్‌లో ఇదే జరిగింది. 1882లో రైలు సొరంగం, 1980లో దాదాపు 17 కిలోమీటర్ల రోడ్డు సొరంగం, 2016లో 57 కిలోమీటర్ల కింది రైలు సొరంగం వచ్చాయి. రద్దీ అంతా కిందికి దిగిపోయింది. పైన ట్రెమోలా అనే పాత రాతిపలకల రోడ్డు చెడిపోలేదు. వేసవిలో సైకిలువాళ్లు దాని వంపుల్లో నిదానంగా ఎక్కుతుంటారు.

కనుమ ఎవరిదన్న తగువు కొత్తదేమీ కాదు. అదే స్విట్జర్లాండ్‌లో, కనుమలు దండిగా ఉన్న గ్రౌబ్యూండెన్ రాష్ట్రం 1900లో మోటారు కార్లను తన రోడ్ల మీద నిషేధించింది. దుమ్ము, గుర్రాల బెదురు, రోడ్డు అరుగుదల అని జనం మళ్లీ మళ్లీ ఓటింగులో కార్లను తిప్పికొట్టారు. చివరికి 1925లో ఒప్పుకున్నారు. పాతిక సంవత్సరాల పట్టుదల ఓడిపోయిందనుకోవచ్చు. ఓడలేదనే అంటాను. ఆ తర్వాత వాళ్ల కనుమల మీద పెద్దరికం పోస్టు బస్సుకు దక్కింది. ఇరుకు మలుపు దగ్గర పసుపురంగు బస్సు హారన్ వినిపిస్తే మిగతా బళ్లు తప్పుకోవాలి, బస్సు డ్రైవర్ చెప్పినట్టు వినాలి. మోటారు వచ్చింది గానీ, నలుగురినీ మోసే మోటారుకు మొదటి పీట వేశారు. మన రోహ్‌తాంగ్ దగ్గర కూడా బళ్ల పొగతో మంచు మసిబారుతోందని జాతీయ హరిత ట్రైబ్యునల్ రోజుకు ఇన్ని వాహనాలే వెళ్లాలని పరిమితి పెట్టింది. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, చంటిపిల్లల తల్లులు కొండ చూడొద్దా అని అడిగితే నా జవాబు ఈ బస్సే. వేసవిలో ఢిల్లీ నుంచి లేహ్‌కు హిమాచల్ ఆర్టీసీ బస్సు నడుస్తుంది. యాభై మందికి కొండ చూపించడానికి పది పన్నెండు కార్లు ఎక్కనక్కర్లేదు, ఒక్క బస్సు చాలు.

రెండో అభ్యంతరం ఇంకాస్త సూక్ష్మమైనది. కారులో పోతే ఎక్కువ చూడొచ్చు కదా అని. ఇది కొట్టిపారేసేది కాదు. మనాలీ–లేహ్ దారిలో రోహ్‌తాంగ్ దగ్గర వర్షాకాలపు పచ్చదనం ఆగిపోతుంది, బారాలాచా లా దగ్గర నదులు విడిపోతాయి, 5,328 మీటర్ల తగ్లంగ్ లా దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి సగం కన్నా కాస్తే ఎక్కువగా మిగులుతుంది. ఈ మార్పంతా రెండు రోజుల్లో ఒక వరసలో కళ్ల ముందు జరగడం కారు ఇచ్చే లాభం. పటం మొత్తాన్ని ఒకేసారి విప్పి పరిచినట్టుంటుంది. అయితే పటంలో కనిపించనిది ఒకటుంది. బారాలాచా లా దగ్గర ఒక పక్క పడిన చినుకు భాగా నదిలో చేరి, తండి దగ్గర చంద్రా నదితో కలిసి చీనాబ్ అవుతుంది. ఇంకో పక్క పడింది యూనమ్ వెంట పోయి జాన్‌స్కర్ మీదుగా సింధులో కలుస్తుంది. చీనాబ్ కూడా వందల మైళ్లు తిరిగి చివరికి చేరేది సింధులోనే. కనుమ నెత్తిన నీరు ఎటు పోవాలో తేల్చుకునే చోటు బల్లపరుపుగా, మామూలుగా ఉంటుంది. గంటకు నలభై కిలోమీటర్లతో పోయే కంటికి అది ఆనదు. నాలుగు కిలోమీటర్లతో పోయే కాలికి మాత్రం తెలుస్తుంది, అప్పటిదాకా పిక్కల్లో ఉన్న బిగువు తొడల ముందువైపుకు మారుతుంది. నీటి తీర్పును ఒళ్లు ముందే చదివేస్తుంది. కారు విస్తారం ఇస్తుంది, కాలు హద్దు ఇస్తుంది. కనుమ అన్నది హద్దే కాబట్టి, కాలు మాట ఇక్కడ ఎక్కువ చెల్లుతుంది.

మూడో అభ్యంతరం: ఇదంతా తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా అని. కొంత నిజం ఉంది. లడఖ్ రోడ్ల మీద తారు డ్రమ్ముల కింద మంట పెట్టి, ముఖానికి గుడ్డ చుట్టుకుని కంకర పరిచే కూలీలు దుమ్కా నుంచి, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు. ఆ కనుమను వాళ్లకన్నా నిదానంగా, దగ్గరగా చూసినవాళ్లు లేరు. దానికి వాళ్లను మెచ్చుకుని ఎవరూ బోర్డు పెట్టరు. నెమ్మదితనం దానంతటదే పుణ్యం కాదు. కానీ తీరిక లేనివాడు లడఖ్ దాకా పోవాలని ఎవరన్నారు? ఫ్రాన్సులో 1972లో వంద కనుమల సంఘం ఒకటి పుట్టింది. సైకిలు తొక్కుతూనో, తోసుకుంటూనో, భుజాన వేసుకునో సొంత కండబలంతో వంద వేర్వేరు కనుమలు దాటినవాళ్లు అందులో సభ్యులు. అందులో కొన్ని రెండు వేల మీటర్లు దాటినవి ఉండాలంటారు, అంతే. మిగతావాటిలో ఊరి వెనక చిన్న దిబ్బ దాటించే కనుమకూ ఆల్ప్స్ కనుమకూ లెక్క ఒకటే. ఈ పద్ధతిలో నాకు నచ్చిన న్యాయం ఇదే. ఎత్తు పోటీలో నల్లమల కనుమలకు చోటే లేదు; దాటడమే లెక్క అయినప్పుడు నంది కనుమ ఖర్దుంగ్ లాకు సాటి. అనంతగిరి ఘాటు గానీ, మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాటు గానీ ఒక ఆదివారం పూట ఎక్కడానికి వారాల సెలవూ అక్కర్లేదు, లక్షల సైకిలూ అక్కర్లేదు. పెద్ద లారీలకు తప్పుకోవడం, తెల్లారాకే బయలుదేరడం, అడవి దారిలో చీకటి పడకముందే దిగిపోవడం, మలుపుకూ మలుపుకూ మధ్య అడ్డదారి తొక్కి మట్టిని వానకు వదిలేయకపోవడం, ఇంతే కావలసింది.

కాబట్టి చెప్పేది ఇది. అవసరానికి సొరంగం, అందరికీ బస్సు, తెలుసుకోవాలన్నవాళ్లకు కనుమ మీది పాత రోడ్డు. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డు కాదు. కారులోనే పోవలసి వస్తే, పడుకునే ఎత్తును రోజురోజుకూ కొద్దికొద్దిగానే పెంచుకోండి. నెత్తిన చేరే ముందు ఆఖరి రెండు మలుపుల కింద దిగిపోండి. కారును డ్రైవరు పైకి తీసుకెళ్తాడు, మీరు ఆ అరకిలోమీటరూ నడిచి రండి. ఇక బోర్డుల సంగతి. ఇటలీలో 2,757 మీటర్ల స్టెల్వియో కనుమ ఉంది. కార్లో దొనెగానీ అనే ఇంజినీరు ఆస్ట్రియా చక్రవర్తి కోసం వేసిన ఆ రోడ్డు 1825లో పూర్తయింది. దాని ఉత్తరం వైపు ఎక్కుడులో 48 వంపులున్నాయి. ప్రతి వంపు దగ్గరా ఒక అంకె. అడుగున మొదటి వంపు దగ్గర ఉండేది ఒకటి కాదు, 48. పైకి పోయేకొద్దీ 47, 46, 45 అని తగ్గుతూ నెత్తిన ఒకటికి చేరుతుంది. ఎంత ఎత్తుకు వచ్చావో ఆ అంకెలు చెప్పవు; ఇంకా ఎన్ని మిగిలాయో చెబుతాయి. పెట్టించినవాళ్ల ఉద్దేశం ఏదైనా, ఆ అంకెలు ఫొటో కన్నా ఎక్కేవాడి పిక్కలకే ఎక్కువ పనికొస్తాయి. మన ఘాట్ల మీద కూడా అలాంటి అంకెలు పెట్టించి, నెత్తిన ఉండే బోర్డు మీద అడుగుల లెక్క చెరిపేసి, ఇటు నంద్యాల, అటు గిద్దలూరు అని రాయిస్తే చాలు.